పొదల్లో పెరిగిన పిల్లలు

ఆఫ్రికాలో ఒక పిట్ట ఉంది. దాదాపు మన గోరింకంత ఉంటుంది. బూడిద, గోధుమ రంగులే తప్ప చూసి మురిసిపోవడానికి దానిలో ఏమీ ఉండదు. దాని శాస్త్రీయ నామం ‘ఇండికేటర్ ఇండికేటర్’. అచ్చుతప్పు కాదు, పేరే అంత. చూపించేది అని అర్థం. అది చూపించేది తేనెపట్టును.

ఈ పిట్టకు తేనెమైనం అంటే ప్రాణం. ఏ చెట్టు తొర్రలో పట్టు ఉందో దానికి తెలుసు. కానీ తేనెటీగల మధ్యకు పోయి మైనం తెచ్చుకునే శక్తి దానికి లేదు. మనిషికి పొగ పెట్టడం వచ్చు, గొడ్డలితో తొర్ర కొట్టడం వచ్చు. కానీ అంత పెద్ద అడవిలో పట్టు ఎక్కడుందో తెలియదు. అందుకని ఇద్దరూ ఒప్పందానికి వచ్చారు. మనిషి పిలుస్తాడు. పిట్ట వచ్చి కొమ్మ మీద వాలి కిచకిచమని గోల పెడుతుంది. మనిషి దగ్గరికి రాగానే ఎగిరి ఇంకో కొమ్మకు పోతుంది. అలా కొమ్మ తర్వాత కొమ్మ, పట్టున్న చెట్టు దాకా తీసుకుపోతుంది. తేనె మనిషికి, మైనం పిట్టకు.

మొజాంబిక్ దేశంలోని నియాస్సా ప్రాంతంలో యావో జాతివారు ఈ పిట్టను నాలుక ఆడిస్తూ ‘బ్ర్ర్ర్ర్’ అని, చివర ‘హ్మ్’ అని మూలిగి పిలుస్తారు. శాస్త్రవేత్తలు అక్కడి అడవిలో ఈ పిలుపును వినిపించి చూశారు. మామూలు మాటలను, వేరే పక్షి కూతలను కూడా వినిపించి పోల్చారు. ఫలితాలు 2016లో అచ్చయ్యాయి. ఇతర శబ్దాలు చేస్తూ నడిస్తే తేనెపట్టు దొరికే అవకాశం నూటికి 16. యావోల పిలుపుతో నడిస్తే నూటికి 54.

అసలు విశేషం ఇంకా చెప్పలేదు. ఉత్తర టాంజానియాలో హడ్జా అనే జాతి ఉంది. వాళ్ళు ఇదే పిట్టను ఈల పాటతో పిలుస్తారు. 2023లో వచ్చిన మరో పరిశోధనలో శాస్త్రవేత్తలు పిలుపులను తారుమారు చేసి చూశారు. హడ్జాల ఊళ్ళో యావో పిలుపు, యావోల ఊళ్ళో హడ్జా ఈల. టాంజానియా పిట్టలు యావో పిలుపు కంటే తమ ఊరి ఈలకు మూడు రెట్లకు పైగా ఎక్కువ పలికాయి. మొజాంబిక్ పిట్టలు హడ్జా ఈల కంటే తమ ఊరి ‘బ్ర్ర్ర్ హ్మ్’కు దాదాపు రెండు రెట్లు ఎక్కువ పలికాయి. ఈ పిట్ట వేరే జాతి పక్షి గూట్లో గుడ్డు పెట్టిపోతుంది. పిల్లకు తల్లీ తండ్రీ ఎవరో తెలియదు. అయినా పెరిగిన చోటి మనుషుల పిలుపును నేర్చుకుంటుంది.

పిట్టకు కూడా ప్రాంతీయ భాష ఉందన్నమాట. ఈ విభాగంలో తెలుగు పేజీలు ఎందుకు, అందరూ ఇంగ్లీషో హిందీయో చదువుతారు కదా అని మీలో ఎవరైనా అడిగితే నేను ఈ పిట్ట కథే మొదట చెబుతాను.

మరి ఆ మనుషులకు పిలుపు ఎవరు నేర్పారు? యావో వేటగాళ్ళను అడిగితే మా నాన్నల దగ్గర నేర్చుకున్నాం అన్నారు. అంటే చిన్నప్పుడు, నాన్న వెనకాల నడుస్తూ నేర్చుకున్నారు. అలా పొదల్లో పెరిగిన కొందరు పిల్లల సంగతి ఈ పాఠంలో చెప్పుకుందాం.

ముందు ఒక మాట అర్థం చూడాలి. ఇంగ్లీషులో ‘బుష్’ అంటే పొద అని మీరు రెండో తరగతిలోనే నేర్చుకుని ఉంటారు. ఆఫ్రికాలో ఆ మాటకు అర్థం చాలా పెద్దది. పట్నం దాటితే వచ్చేదంతా బుష్. మన తెలుగులో దీనికి ఒక్క మాట లేదు, చాలా మాటలున్నాయి: తుప్పలు, కంపలు, బీడు, గుట్ట, చిట్టడవి, మేత నేల. బయటివాళ్ళు అన్నిటినీ కలిపి ఒకే మాటలో చుట్టేశారు. చుట్టేస్తే అక్కడ ఏమీ లేనట్టు కనిపిస్తుంది, ఖాళీగా. సినిమాల్లో చూపించే ఆఫ్రికా అలాగే ఉంటుంది కదా: ఎండిన గడ్డి, ఒక సింహం, జీపులో నలుగురు యాత్రికులు. అక్కడ పుట్టి పెరిగిన పిల్లలు ఆ చిత్రంలో ఉండరు.

హడ్జాల పిల్లలు ఉన్నారు చూడండి. టాంజానియాలో ఎయాసి అనే సరస్సు పక్కన వాళ్ళ నివాసం. మొత్తం జాతి వెయ్యి మంది పైచిలుకు. నేటికీ వాళ్ళలో కొందరు వేట మీద, దుంపల మీద, పండ్ల మీద, తేనె మీద ఆధారపడి బతుకుతున్నారు. అక్కడి పిల్లలు అన్నం ఎప్పుడు పెడతావమ్మా అని కూర్చోరు. గుంపుగా పోయి రేగుపండ్ల లాంటి చిన్న పండ్లు కోసుకుంటారు, లోతు తక్కువ దుంపలు తవ్వుకుంటారు. మగపిల్లల చేతికి చాలా చిన్న వయసులోనే బుల్లి విల్లు వస్తుంది. బావోబాబ్ కాయలను రాళ్ళతో కొట్టి, లోపలి పుల్లటి తెల్లటి గుజ్జు తింటారు. బావోబాబ్ అంటే ఏనుగంత మాను ఉన్న చెట్టు. హైదరాబాదులో ఉన్నవాళ్ళు గోల్కొండ నయాఖిల్లాకు వెళ్తే ‘హతియాన్ కా ఝాడ్’ అని ఒక మహావృక్షాన్ని చూపిస్తారు. అది బావోబాబే. ఆఫ్రికా నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడ స్థిరపడింది.

ఏ దుంప తీపి, ఏ దుంప చేదు, ఏది ఏ నెలలో, ఏ తీగ కింద. పుస్తకం లేదు, పరీక్ష ఉంది. తప్పితే ఆ పూట ఆకలి.

కూనూ గుట్టలు

ఇప్పుడు టాంజానియా నుంచి ఖండం దక్షిణపు కొసకు వెళ్దాం. దక్షిణాఫ్రికాలో ట్రాన్స్‌కై అనే ప్రాంతంలో, మ్బాషే నది ఒడ్డున మ్వేజో అనే చిన్న ఊళ్ళో 1918 జులై 18న ఒక పిల్లవాడు పుట్టాడు. తండ్రి పెట్టిన పేరు రొలిహ్లాహ్లా. మాటకు మాట అర్థం చెబితే చెట్టు కొమ్మను లాగేవాడు. వాడుకలో అల్లరివాడు, గొడవలు తెచ్చేవాడు.

తండ్రి ఆ ఊరి పెద్ద. ఒక ఎద్దు విషయంలో ఎవరో చేసిన ఫిర్యాదు మీద తెల్ల మేజిస్ట్రేటు రమ్మంటే, మా ఆచారం ప్రకారం నువ్వు నన్ను పిలవలేవు అని కబురు పంపాడు. పదవి పోయింది, పశువులు పోయాయి, భూమి పోయింది. తల్లి పిల్లవాణ్ణి తీసుకుని దగ్గర్లోని కూనూ అనే ఊరికి వచ్చేసింది. ఈ ఊరి పేరు నేను రాసినట్టు పలకరు. మొదటి అక్షరం దగ్గర నాలుకను అంగిలికి అంటించి సీసా మూత ఊడినట్టు ‘టక్’మనిపించాలి. ఖోసా భాషలో అలాంటి ధ్వనులు ఎన్నో ఉన్నాయి. మన యాభై ఆరు అక్షరాల్లో ఒక్కటీ అందుకు పనికిరాదు.

కూనూలో ఆ పిల్లవాడికి ఐదేళ్ళకే ఉద్యోగం వచ్చింది. గొర్రెలను, దూడలను కాయడం. గుట్టల మీద మందను వదిలి మిగతా పిల్లలతో చేరేవాడు. ఒడిసెలతో పిట్టలను కొట్టడం, అడవి తేనె తీయడం, తినదగిన దుంపలు తవ్వడం, ఆవు పొదుగు దగ్గరే నోరు పెట్టి గోరువెచ్చని పాలు తాగడం, తీగ కొక్కేలతో చేపలు పట్టడం, చల్లని వాగుల్లో ఈదడం. నున్నటి బండ రాళ్ళ మీద జారీ జారీ వెనకభాగం నొప్పి పుట్టి కూర్చోలేకపోయేవాళ్ళమని పెద్దయ్యాక ఆత్మకథలో రాసుకున్నారు. కర్ర సాము తప్పనిసరి. ఆట వస్తువులు కొనేవాళ్ళు లేరు, బంకమట్టితో ఎద్దులను చేసుకునేవాళ్ళు, కొమ్మలతో బండ్లు కట్టుకునేవాళ్ళు.

ఒకరోజు పిల్లలందరూ వంతులవారీగా ఒక గాడిద మీదకు ఎక్కుతున్నారు. ఇతని వంతు వచ్చేసరికి గాడిద పరిగెత్తి ముళ్ళపొదలోకి దూరి విసిరి కొట్టింది. మొహమంతా గీరుకుపోయింది. స్నేహితులంతా నవ్వారు. నొప్పి కంటే ఆ నవ్వు ఎక్కువ బాధించింది. ఓడించినా సరే, ఎదుటివాణ్ణి అవమానించకూడదని ఆ రోజే తెలిసిందట. 27 ఏళ్ళు జైల్లో ఉండి బయటికి వచ్చాక తనను బంధించినవాళ్ళతో ఒకే బల్ల దగ్గర కూర్చుని మాట్లాడిన మనిషి ఇది చెప్పారు కాబట్టి, దీన్ని ఏదో చిన్ననాటి ముచ్చటగా నేను తీసేయలేను.

ఏడేళ్ళకు బడి. ఆ ఇంట్లో అంతవరకు బడికి వెళ్ళినవాళ్ళు లేరు. తండ్రి తన ప్యాంటునే మోకాళ్ళ దగ్గర కత్తిరించి, నడుముకు తాడు కట్టి పంపాడు. మొదటి రోజే టీచరమ్మ ఒక్కొక్కరికీ ఇంగ్లీషు పేరు పెట్టింది. ఈ రోజు నుంచి నీ పేరు నెల్సన్ అంది. ఎందుకు నెల్సన్ అని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. రొలిహ్లాహ్లా మండేలా, నెల్సన్ మండేలా అయ్యారు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు తండ్రి చనిపోయాడు. తల్లి ఆ పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని పొద్దున బయలుదేరి, గుట్టలెక్కి దిగుతూ సాయంత్రం దాకా నడిచి, థెంబు రాజప్రతినిధి ఇంట అప్పగించి తిరిగి వెళ్ళిపోయింది. ఊరు దాటేముందు పిల్లవాడు వెనక్కి తిరిగి కూనూను ఒకసారి చూసుకున్నాడు. లారీలో సామాను ఎక్కించాక ఖాళీ క్వార్టర్సు వైపు చూసినవాళ్ళు మీలో చాలామంది ఉంటారు, మీకు ఇది వేరే వివరించక్కర్లేదు. జైలు నుంచి వచ్చాక మండేలా ఆ కూనూలోనే ఇల్లు కట్టుకున్నారు. 2013 డిసెంబరులో ఆ గుట్టల మధ్యే ఆయనను సమాధి చేశారు.

కప్పగుడ్ల దండ

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ, కెన్యా అమ్మాయిది.

వంగారి మాతాయి 1940 ఏప్రిల్ 1న, కెన్యా మధ్య భాగంలోని కొండసీమలో, న్యేరి పట్టణానికి దగ్గర్లో ఇహితే అనే ఊళ్ళో పుట్టింది. వాళ్ళది గికుయు జాతి. గికుయు భాషలో ‘న్గారి’ అంటే చిరుతపులి. వంగారి అంటే చిరుతకు చెందినది. అడవి దారిలో పోతున్నప్పుడు చిరుత తోక కనిపిస్తే తొక్కకు, నువ్వూ చిరుతవే నేనూ చిరుతనే, మనకెందుకు తగాదా అని చెప్పి నీ దారిన నువ్వు పో అని తల్లి నేర్పింది. భయపడవద్దు అని చెప్పడానికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు తోచడం లేదు.

వంగారికి మూడేళ్ళప్పుడు కుటుంబం నకూరు దగ్గర ఒక తెల్లదొర వ్యవసాయ క్షేత్రానికి తరలింది. తండ్రి అక్కడ పనిచేసేవాడు. ఆ క్షేత్రంలో వేరే వేరే జాతుల కూలీలు వేరే వేరే చోట్ల గుడిసెలు వేసుకుని ఉండేవారు, ఎవరి భాష వారిది. కానీ అక్కడ బడి లేదు. అన్నలు చదువుకోవాలని 1947 చివర్లో తల్లి పిల్లలతో ఇహితేకు తిరిగి వచ్చింది. వంగారి కూడా వచ్చింది, ఇంటిపనిలో తోడుగా. ఆడపిల్లను బడికి పంపాలని ఎవరికీ తోచలేదు. మన చెల్లి ఎందుకు బడికి రావడం లేదు అని ఒకరోజు అన్న అడిగాడు. తల్లి ఆలోచించి, నిజమే, వెళ్ళనీ అంది. ఒక్క ప్రశ్న. ఆ అన్న ఆ రోజు అడగకపోతే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

తల్లి తన పొలంలో చిన్న ముక్క ఇచ్చి, ఇది నీ తోట అంది. చిక్కుడు గింజలో, మొక్కజొన్నలో వేసి, మొలిచాయా లేదా అని రోజూ తవ్వి చూసేది. తవ్వకు, అవే పైకి వస్తాయి అని తల్లి మందలించింది. మీలో కుండీలో ధనియాలు చల్లి రెండో రోజే కెలికి చూసినవాళ్ళు ఎందరో నాకు తెలుసు.

ఇంటికి కట్టెలు ఏరుకురావడం వంగారి పని. ఏ చెట్టు ఎండుపుల్లనైనా తేవచ్చు కానీ ఒక చెట్టువి తేకూడదు. ఇంటికి కొంచెం దూరంలో పెద్ద ముగుమో చెట్టు ఉండేది. ముగుమో అంటే మన మర్రి, రావి, మేడి చెట్ల కుటుంబానిదే, వాటికి అక్కో చెల్లెలో అవుతుంది. గికుయులు దాని కింద కెన్యా పర్వతం వైపు తిరిగి మొక్కుకునేవారు. దాని పుల్ల ఎందుకు తేకూడదమ్మా అని అడిగితే, అది దేవుడి చెట్టు, మనం వాడం, నరకం, కాల్చం అంది తల్లి.

ఆ చెట్టు దగ్గర్లోనే ఒక ఊట పుట్టి చిన్న వాగుగా పారేది. చేత్తో తీసుకుని తాగేటంత శుభ్రమైన నీళ్ళు. ఒడ్డున చేమమొక్కలు గుబురుగా పెరిగేవి. నీళ్ళకు పోయిన వంగారికి అక్కడ వేలకొద్దీ చిన్న చిన్న పూసలు కనిపించేవి, నల్లవి, తెల్లవి, గోధుమ రంగువి. దండ గుచ్చుకుని మెడలో వేసుకుందామని వేళ్ళతో మెల్లగా ఎత్తబోయేది. ఎత్తగానే విడిపోయేవి. మళ్ళీ ప్రయత్నించేది, మళ్ళీ విడిపోయేవి. కొన్ని రోజులు పోయాక చూస్తే పూసలు మాయం, వాటి చోట నీళ్ళలో తోకలాడిస్తూ నల్లటి పురుగుల్లాంటివి. ఇంకొన్నాళ్ళకు అవీ మాయం, గట్టు మీద కప్పలు. ఆ పూసలు కప్పగుడ్లని, ఆ నల్లవి తోకకప్పలని బడిలో పాఠం చదివాక గానీ ఆమెకు తెలియలేదు. సైన్సు పుస్తకంలో మీరు చదివే కప్ప జీవితచక్రం ఇదే. మీరు బొమ్మ చూసి పేరు నేర్చుకున్నారు. ఆమె ముందు చూసింది, పేరు తర్వాత నేర్చుకుంది.

ఒక బిళ్ళ

పదకొండేళ్ళకు వంగారిని న్యేరిలో వసతి ఉన్న బడికి పంపారు. మంచి బడి, మంచి టీచర్లు, ఆమె జీవితాంతం వాళ్ళను ప్రేమగా తలుచుకున్నారు. కానీ ఆ బడిలో ఒక నియమం ఉండేది. ఎవరైనా ఇంట్లో మాట్లాడే భాషలో మాట్లాడుతూ దొరికితే, వాళ్ళు ఒక బిళ్ళ తగిలించుకోవాలి. నేను తెలివితక్కువదాన్ని, నా మాతృభాషలో మాట్లాడుతూ దొరికిపోయాను అనే భావం వచ్చేలా దాని మీద రాసి ఉండేది. అది వదలాలంటే ఇంకొకరు అలా మాట్లాడుతుండగా పట్టుకుని వాళ్ళకు తగిలించాలి. సాయంత్రానికి ఎవరి దగ్గర ఉంటే వాళ్ళకు శిక్ష, గడ్డి కోయడమో ఊడవడమో తోటపనో.

చూశారా, ఎంత తెలివైన ఏర్పాటో. టీచరు కష్టపడక్కర్లేదు. స్నేహితురాలే స్నేహితురాలి నోటి మీద కాపలా కాస్తుంది.

ఇది ఒక్క బడి సంగతి కాదు. కెన్యా రచయిత న్గూగి వా థియాంగో 1938లో లిమూరు దగ్గర కామిరీథు అనే ఊళ్ళో పుట్టారు. సాయంత్రం నిప్పు చుట్టూ కూర్చుని విన్న కథల గురించి ఆయన రాశారు. ఆ కథల్లో కథానాయకుడు ఎక్కువగా కుందేలు. ఒంట్లో బలం లేదు, బుర్రలో ఉంది. సింహాన్నీ చిరుతనూ హైనానూ బోల్తా కొట్టిస్తుంది. పంచతంత్రంలో సింహాన్ని బావిలోకి దూకించిన మన కుందేలుకు వేలు విడిచిన చుట్టమే. పగలు పొలంలో పని చేసిన భాష, రాత్రి కథలు చెప్పిన భాష ఒకటే. బడికి వెళ్ళాక ఆ భాష నేరమైంది. గికుయు మాట్లాడితే బెత్తం దెబ్బలు, లేదా నేను గాడిదను అని రాసిన రేకు మెడలో.

న్గూగి పెద్దయ్యాక ఇంగ్లీషులో గొప్ప నవలలు రాశారు, ప్రపంచమంతా పేరు వచ్చింది. తర్వాత తన ఊరివాళ్ళతో కలిసి గికుయులో నాటకం ఆడించారు. 1977 డిసెంబరు 31న అరెస్టయ్యారు. ఇంగ్లీషులో ఎన్ని రాసినా పట్టించుకోని ప్రభుత్వం, ఊరివాళ్ళకు అర్థమయ్యే భాషలో ఒక్క నాటకం ఆడగానే జైల్లో పెట్టింది. జైల్లో కాగితం ఇవ్వలేదు. మరుగుదొడ్డిలో వాడే కాగితం మీద గికుయులో నవల రాశారు. అచ్చయ్యాక చదువురానివాళ్ళకు చదివి వినిపించారు, ఇళ్ళలో, బస్సుల్లో. ఆ నవల తెలుగులోకి కూడా వచ్చింది. ఆయన 2025 మే నెలలో కన్నుమూశారు.

ఇలాంటి బిళ్ళలు వేరే దేశాల సంగతేలే అనుకోవద్దు. మన దగ్గరా కొండ భాషలు మాట్లాడే పిల్లలకు కిందివాళ్ళ భాషలోనే చదువు చెప్పేవాళ్ళు. పర్లాకిమిడిలో ఉద్యోగం చేస్తున్న గిడుగు రామమూర్తి గారు సవర పిల్లలను చూసి, ముందు తానే సవర నేర్చుకున్నారు. ఆ భాషలో వాచకాలు రాశారు, నిఘంటువు చేశారు, సొంత ఖర్చుతో బడులు పెట్టారు. ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకునేది ఆయన పుట్టినరోజునే. తెలుగు కోసం అంత పోరాడినాయన తనది కాని భాషకూ అంతే చేశారని మన సభల్లో తక్కువగా చెబుతారు.

ఎండిన వాగు

వంగారి బాగా చదివింది. 1960లో అమెరికా వెళ్ళి, జీవశాస్త్రంలో పట్టా, పైపట్టా తీసుకుని 1966లో తిరిగి వచ్చారు. 1971లో నైరోబీలో డాక్టరేట్ సాధించారు. తూర్పు, మధ్య ఆఫ్రికాలో డాక్టరేట్ పొందిన మొదటి మహిళ ఆమే.

విదేశం నుంచి వచ్చాక ఇహితేకు వెళ్తే ముగుమో చెట్టు లేదు. నేల చేతులు మారింది. కొత్త యజమానికి అది చాలా చోటు తినేసే చెట్టుగా కనిపించింది. కొట్టించి తేయాకు వేశాడు. వాగు ఎండిపోయింది. కప్పలు లేవు.

అప్పుడు ఆమెకు రెండు సంగతులు ఒకదానికొకటి అతుక్కున్నాయి. ఆ జాతి చెట్ల వేళ్ళు రాతిపొరలను చీల్చుకుని భూమి లోపలి నీటి దాకా దిగుతాయి. ఆ దారినే నీరు పైకి వచ్చి, పల్లం దొరికిన చోట ఊటగా బయటపడుతుంది. వేళ్ళు కొండవాలు మట్టిని కూడా పట్టి ఉంచుతాయి. చెట్టుకూ వాగుకూ సంబంధం ఉందని ఇహితే తల్లులకు ఎవరూ జలశాస్త్రం చెప్పలేదు. వాళ్ళ దగ్గర ఉన్నది ఒక్క వాక్యం: దేవుడి చెట్టు, పుల్ల తీయకు. ఎన్ని తరాలో ఆ వాక్యం వాగును కాపాడింది.

ఆ వాక్యం గికుయులో ఉండేది. గికుయులో మాట్లాడితే తెలివితక్కువ అని బిళ్ళ తగిలించిన బడుల్లో రెండు తరాలు చదువుకున్నాయి. భాష తెలివితక్కువదైతే ఆ భాషలో అమ్మ చెప్పిన మాట కూడా తెలివితక్కువదే కదా. గొడ్డలి చెట్టు మీద పడటానికి ముందు ఆ మాట మీద పడింది. చెట్టు కొట్టినాయన దుర్మార్గుడేమీ కాదు. కొట్టకూడదని చెప్పే మాటకు విలువ పోయాక, చెట్టు ఉత్త కలపే.

ఇక్కడ ఒక పని చెబుతాను, మార్కులు లేవు. మీ నాన్నగారికో అమ్మగారికో బదిలీ అయి వెళ్ళిన ప్రతి ఊళ్ళో, క్వార్టర్సు వెనక ఉన్న చెట్టును ఆ ఊరివాళ్ళు ఏమంటారో, దాన్ని ఏం చేయకూడదంటారో అడగండి. మన మేడి చెట్టునే తీసుకోండి. హిందీవాళ్ళు గూలర్ అంటారు, మరాఠీవాళ్ళు ఉంబర్ అంటారు, తమిళులు అత్తి అంటారు. పేరు మారిన చోటల్లా దాని చుట్టూ ఉన్న కథా మారుతుంది. బదిలీల వల్ల స్నేహితులు పోతారు, నిజమే, దానికి నా దగ్గర మందు లేదు. కానీ ఒకే చెట్టుకు నాలుగు పేర్లు తెలిసిన పిల్లలు మీరు తప్ప దేశంలో ఎందరుంటారు?

వంగారి ఏం చేశారో చెప్పి ముగిస్తాను. 1970లలో పల్లెల ఆడవాళ్ళు ఆమెతో చెప్పుకున్న కష్టాలు మూడే: కట్టెలు దొరకడం లేదు, మంచినీళ్ళు లేవు, పిల్లలకు పుష్టినిచ్చే తిండి లేదు. అయితే చెట్లు నాటుదాం అన్నారామె. 1977 జూన్ 5న నైరోబీలోని కాముకుంజిలో ఏడు మొక్కలు నాటారు. అదే గ్రీన్‌బెల్ట్ ఉద్యమానికి మొదలు.

నారు పెంచడం నేర్పమని అటవీశాఖవాళ్ళను పిలిస్తే వాళ్ళు నేల వాలు కోణం, సూర్యకిరణాలు పడే దిశ, నారుమడి లోతు, మట్టిలో గులకరాళ్ళ పాలు అంటూ మొదలుపెట్టారు. ఆడవాళ్ళు తెల్లమొహం వేశారు. మొక్క నాటడానికి డిప్లొమా ఎందుకు అనుకున్నారు వంగారి. మీరు జొన్నలు చల్లేవాళ్ళే, చిక్కుళ్ళు పెట్టేవాళ్ళే, విత్తనం అంటే మీకు తెలియనిదేముంది, అలాగే చేయండి అన్నారు. వాళ్ళు అడవి చెట్ల గింజలు ఏరుకొచ్చారు. పగిలిన కుండల్లో, పాత డబ్బాల్లో మట్టి నింపి నారు పోశారు. మేకలకు, కోళ్ళకు అందకుండా ఎత్తున పెట్టారు. ఏ గింజ ఎన్నాళ్ళకు మొలుస్తుందో చూసి ఒకరికొకరు చెప్పుకున్నారు. నాటిన మొక్క బతికితే ఒక్కోదానికి కొద్దిపాటి పైకం చేతికి వచ్చేది. డిప్లొమా లేని అటవీ అధికారులు అని వాళ్ళను ముద్దుగా పిలిచేవారు.

2004లో వంగారికి నోబెల్ శాంతి బహుమతి వచ్చేసరికి వాళ్ళు నాటిన చెట్లు 3 కోట్లు. ఆ బహుమతి అందుకున్న మొదటి ఆఫ్రికా మహిళ ఆమే. మన దేశం 2006 సంవత్సరానికి ఇందిరాగాంధీ శాంతి బహుమతిని ఆమెకు ప్రకటించింది. ఓస్లోలో నోబెల్ ప్రసంగం చివర ఆమె చెప్పింది పెద్ద సిద్ధాంతమేమీ కాదు, ఇహితే వాగు, చేమఆకులు, దండకు అందని కప్పగుడ్ల సంగతి.

2011 సెప్టెంబరు 25న ఆమె మరణించారు. తన కోసం చెట్టు కొట్టి పెట్టె చేయవద్దని ముందే చెప్పి ఉంచారు. వెదురు చట్రం కట్టి, పాపిరస్ రెల్లుతో, చెరువుల్లో అందరూ పీకి పారేసే గుర్రపుడెక్కతో అల్లిన పేటికలో ఆమెను తీసుకువెళ్ళారు.